గుర్తు యంత్రానిది, మాట బిడ్డది

చికిత్సకు నాలుగు పాదాలంటుంది చరక సంహిత. సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయంలో వాటిని వరసగా చెబుతుంది: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. ఒక్కో పాదానికి నాలుగేసి గుణాలు. రోగి దగ్గరికొచ్చేసరికి అది అడిగేవి ఇవి: జ్ఞాపకశక్తి, చెప్పినట్టు నడుచుకోవడం, భయపడకపోవడం, తన బాధ తాను చెప్పుకోగలగడం. రోగిని కూడా చికిత్స చేసేవాళ్లలో ఒకరిగా లెక్కవేసిన చూపు ఇది. మంచాన పడి ఉన్నా అతనికొక పని అప్పజెప్పింది. అయితే ఆ రోగి ఆరేళ్ల పిల్ల అయినప్పుడు ఏం చేయాలి? ఆ వయసుకు జ్ఞాపకం నిలవదు, సూదంటే భయం, కడుపులో ఏమవుతోందో చెప్పడానికి మాటలు చాలవు. ఒక్క వారం జ్వరమైతే అమ్మానాన్నలే ఆ నాలుగు గుణాలూ తమవి చేసుకుని గట్టెక్కిస్తారు. జీవితాంతం ఉండే జబ్బయితే అలా కుదరదు. ఇప్పుడు ఆ ఖాళీలోకి యంత్రాలు వస్తున్నాయి. మందు వేళకు మోగేవి, వేసుకున్నదీ లేనిదీ రాసిపెట్టేవి, ఆ రాతను క్షణాల్లో ఇంకొకరి ఫోన్‌కు పంపేవి. వాటిని ఇంట్లోకి రానివ్వాలా వద్దా అన్న చర్చకు కాలం చెల్లింది. రోగి చేయాల్సిన నాలుగు పనుల్లో ఏది యంత్రానికి అప్పగించవచ్చు, ఏది అప్పగిస్తే బిడ్డ తన చికిత్సలో తాను లేకుండా పోతుంది అన్నదే తేల్చుకోవలసింది. జ్ఞాపకాన్ని నిస్సంకోచంగా అప్పగించవచ్చనీ, చెప్పుకోవడాన్ని మాత్రం అప్పగించకూడదనీ నా వాదన.

టైప్-1 షుగర్‌నే తీసుకుందాం. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు కడుపు మాడ్చి ఇంకొన్ని నెలలు బతికించడం తప్ప వైద్యుల చేతిలో ఏమీ లేదు. ఇన్సులిన్ చావును వెనక్కి నెట్టింది, కానీ దాని బదులు ఇంటికి ఒక నిత్యకృత్యాన్ని తెచ్చిపెట్టింది. రోజుకు నాలుగు సూదులు, వేలి కొనన రక్తపు బొట్లు, పళ్లెంలో రెండిడ్లీలుంటే ఎన్ని యూనిట్లు, మూడో ఇడ్లీ అడిగితే ఎన్ని, ఆటల పీరియడ్ ముందు ఏం తినాలి. ఈ లెక్క ఒక్క పూట తప్పితే షుగర్ ఎగబాకుతుంది, మందు ఎక్కువైతే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. ప్రపంచంలో ఈ జబ్బున్న పిల్లలు ఎక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటి. పుట్టిన దగ్గర్నుంచి నేరం చేయని ఒక ప్రాణికి ఇంత శ్రమ ఎందుకు రాసిపెట్టి ఉందన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ పుడుతుంది. పూర్వజన్మ కర్మ అనేవాళ్లున్నారు, దేవుడి పరీక్ష అనేవాళ్లున్నారు. ఆ జవాబుల జోలికి నేను పోను. కానీ వాటి నీడ ఒకటి బిడ్డ మీద పడుతుంది, దాన్ని మాత్రం వదలడానికి లేదు. జబ్బుకే ఒక తప్పు కారణమని నమ్మిన ఇంట్లో, మందు మరిచిపోవడం కూడా తప్పుగానే కనిపిస్తుంది. ‘బుద్ధి లేదు’, ‘లెక్కలేదు’, ‘మేం చస్తుంటే నీకు పట్టదు’ అన్న మాటలు అక్కడినుంచే వస్తాయి.

మరుపు పాపం కాదనడానికి ఎక్కడో వెతకనక్కర్లేదు. దీర్ఘరోగాలకు రాసిన మందుల్ని సంపన్న దేశాల్లో సైతం దాదాపు సగంమందే సరిగ్గా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. అది పెద్దవాళ్లను కూడా కలిపి చెప్పిన మాట. పిల్లల సంగతికొస్తే, న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉబ్బసమున్న 220 మంది మీద జరిగి 2015లో వెలువడిన పరిశోధన ఒకటుంది. ఆరు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు వాళ్లు. అందరి ఇన్‌హేలర్లకూ ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టే పరికరం తగిలించారు. ఒక గుంపు పరికరం వేళకు మోగుతుంది, రెండో గుంపుది మోగదు. ఆరు నెలల తర్వాత చూస్తే మోగిన గుంపు రాసిన మందులో 84 శాతం వాడింది, మోగని గుంపు 30 శాతం దగ్గరే ఆగింది. బడి మానేసిన రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదన్నది కూడా నిజమే, దాన్ని దాచకూడదు. అయినా ఇక్కడ ఒక విషయం గమనించాలి. లెక్క రెండు గుంపులకూ ఒకేలా నమోదైంది. 30ని 84కు చేర్చింది ఆ చిన్న మోత. ఆ పిల్లల బుద్ధిలో లోపముంటే మోతకు పోదు. గుర్తుచేసేవాళ్లు లేకపోవడమే లోపమైతే, గుర్తుచేయడమే మందు.

బయటినుంచి గుర్తుచేయించుకుంటే సంకల్పం బలహీనపడుతుందని, మనసులోంచి రావలసిన నియమం యంత్రంలోంచి వస్తే దానికి విలువ లేదని కొందరు పెద్దలు అంటారు. ధర్మం పేరుతో చెప్పే ఈ మాట మన ధార్మిక జీవితానికే సరిపోదు. ఏ మతమూ మనిషి జ్ఞాపకం మీద పూర్తిగా భారం వేయలేదు. మసీదు రోజుకు ఐదుసార్లు అజాన్ పిలుస్తుంది, చర్చి గంట కొడుతుంది, మన ఇళ్లలో పంచాంగం తిథిని గుర్తుచేస్తుంది, జపమాల చేతికి లెక్క చెబుతుంది. పిలుపు వినిపించి లేచాడు కాబట్టి నమాజు విలువ తగ్గిందని ఎవరూ అనరు. అయితే ఈ ఆచారాల్లోనే ఇంకో వివేకం కూడా ఉంది. పిలిచేవాడు హాజరు వేయడు. జపం చేసేవాళ్లు మాలను గోముఖి సంచిలో ఉంచి చెయ్యి లోపలికి పెట్టి తిప్పుతారు, పూసలు ఎంతవరకు వచ్చాయో పక్కవాడి కంట పడకూడదని. గుర్తు బయటినుంచి రావచ్చు, లెక్క మాత్రం చేసేవాడి చేతిలో ఉండాలి. ఈ రెంటినీ విడదీసి చూసిన వాళ్లకు సాధకుడి మనసు తెలుసు. ఒకే పరికరంలో ఈ రెంటినీ కలిపేశాం గనక, మనమిప్పుడు మళ్లీ ఆ విభజన నేర్చుకోవాలి.

ఆ కలయిక ప్రేమలోంచే వచ్చింది. చేతి వెనక రూపాయి బిళ్లంత సెన్సర్, చర్మం కిందికి వెంట్రుకంత తీగ. కొన్ని సెన్సర్లు ఐదు నిమిషాలకోసారి కొలత ఇస్తాయి, అంటే రోజుకు 288 కొలతలు. మొదట్లో ఆ అంకె బిడ్డ దగ్గరున్న చిన్న పెట్టెలోనే కనిపించేది. అమెరికాలో జాన్ కాస్టిక్ అనే ఇంజనీరు, తన చిన్న కొడుకు బడిలో ఉండగా ఆ అంకెను తన ఆఫీసులో చూడాలని, 2013లో దాన్ని ఇంటర్నెట్‌కు చేర్చే ప్రోగ్రాం రాసుకున్నాడు. అలాంటి తల్లిదండ్రులు వేలమంది చేరి దాన్ని ‘నైట్‌స్కౌట్’గా పెంచారు, తర్వాత కంపెనీలే ఆ సదుపాయాన్ని అమ్మడం మొదలుపెట్టాయి. నాలుగేళ్ల పిల్లాడికి రాత్రి మూడింటికి షుగర్ 60కి పడిపోతే వాడు నిద్రలో చెప్పలేడు. ఆ వేళ తండ్రి ఫోన్ మోగడం కంటే మంచిది ఇంకొకటి లేదు. దీన్ని తప్పుపట్టేవాళ్లు ఆ రాత్రుల్ని ఊహించుకోవాలి. చిక్కు ఆ పిల్లాడు ఎదుగుతున్నకొద్దీ వస్తుంది. బడినుంచి వచ్చిన పిల్ల సంచి దించకముందే ‘నాలుగింటికి రెండొందల ఎనభై ఉంది, ఏం తిన్నావు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అమ్మకు జవాబు ముందే తెలుసు. ఇవాళ బడిలో ఏం జరిగిందన్న ప్రశ్న రేపటికి వాయిదా పడుతుంది, రేపటికీ అదే అంకె అడ్డం వస్తుంది.

ఆసుపత్రిలో చూద్దాం. మూడు నెలలకోసారి వెళ్లే చోట, కుర్చీలు మూడు. తండ్రి ఫోన్ తీసి డాక్టరు ముందు పెడతాడు. డాక్టరు వేలితో గీతను జరుపుతూ పోతుంటే పద్నాలుగేళ్ల పిల్ల తన పేరున్న ఆ కొండల్నీ లోయల్నీ తలకిందులుగా చూస్తూ కూర్చుంటుంది. మంగళవారం మధ్యాహ్నం ఒక కొండ. లంచ్ ఇన్సులిన్ వేసుకోలేదని గీత చెబుతుంది, ఆ మాట నిజమే. కొత్త సెక్షన్‌లోకి మారాక పక్కన కూర్చున్న అమ్మాయిలకు ఇంకా తెలియదనీ, వాళ్ల ముందు చున్నీ పక్కకు జరిపి పొట్టమీద పెన్ గుచ్చుకోలేకపోయిందనీ, బాత్రూంలో గొళ్లెం లేదనీ గీత చెప్పదు. మందు మోతాదు మారిస్తే ఆ కొండ దిగదు. బాత్రూంకు గొళ్లెం పెట్టిస్తేనో, క్లాస్ టీచర్‌తో మాట్లాడితేనో దిగుతుంది. అది తెలియాలంటే ఆ పిల్ల నోరు తెరవాలి. తన గురించి అంతా ముందే చెప్పేశారని అనిపించిన చోట ఎవరు నోరు తెరుస్తారు? చరకుడి నాలుగో గుణం ఇక్కడే ఎండిపోతుంది. మూడోది, భయం లేకపోవడం, దానితోపాటే పోతుంది.

పిల్లలు అబద్ధమాడతారు కదా, ఆ గీత లేకపోతే నిజం ఎలా తెలుస్తుంది అన్నది గట్టి ప్రశ్న. అబద్ధాలున్న మాట వాస్తవమే. సెన్సర్ల ముందుకాలంలో నోటుపుస్తకం ఉండేది. రేపు ఆసుపత్రి అనగా ముందురాత్రి ఒకే సిరాతో, ఒకే వాలుతో, 110, 120, 130 అంటూ నిండిన పేజీలు ఏ షుగర్ డాక్టరుకైనా పరిచయమే. కానీ ఈ అబద్ధం ఎక్కడ పుడుతోందో చూడాలి. 2000లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఊపిరితిత్తుల జబ్బు మొదలైన పెద్దవాళ్ల ఇన్‌హేలర్లకు నొక్కిన వేళల్ని నమోదుచేసే పరికరం పెట్టారు. ఆ సంగతి చెప్పని 101 మందిలో సుమారు 30 శాతం, పరీక్షకు వెళ్లే ముందు మూడు గంటల్లోపే వందకు పైగా నొక్కి డబ్బా ఖాళీ చేశారు. నమోదవుతోందని చెప్పి, ఆ వివరాలు వాళ్లకే చూపిస్తూ వచ్చిన గుంపులో 135 మందికి ఒక్కరే అలా చేశారు. నమోదు ఉంటే మోసం తగ్గుతుందని దీన్ని చదువుకోవచ్చు. నాకు ఇందులో ముందుగా కనిపించేది వేరు. పెళ్లాం పిల్లలున్న పెద్దమనుషులే డాక్టరుకు మంచివాళ్లుగా కనిపించాలని గాలిలోకి మందు వదిలారు. తీర్పు చెప్పే కళ్లముందు నిలబడాల్సి వస్తే నలభై ఏళ్లవాడూ పిల్లాడే అవుతాడు. రెండో గుంపుకు దక్కింది దాపరికం లేని లెక్క, పైగా తమ లెక్క తమకే చూపించిన మర్యాద. పిల్లలకు కావలసిందీ అదే.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉబ్బసమున్న 90 మంది పిల్లల మీద జరిగి 2017లో వెలువడిన అధ్యయనం కూడా ఇలాంటి దారిలోనే నడిచింది. గుర్తుచేసే మోత పెట్టారు, నమోదైన లెక్కను ఆసుపత్రిలో కూర్చుని కుటుంబంతో కలిసి చూస్తూ ఎందుకు తప్పుతోందో మాట్లాడారు. మందు వాడకం 70 శాతం, మామూలు పద్ధతిలో వదిలేసిన గుంపులో 49. ఉబ్బసం ఎంత అదుపులో ఉందన్న ప్రశ్నావళిలో పెద్ద తేడా రాకపోయినా, ఆసుపత్రిలో చేరడం, స్టెరాయిడ్ కోర్సులు వాడాల్సి రావడం తగ్గాయి. లెక్కను నేను కాదనడం లేదు. లెక్క మాటకు దారితీయాలి, మాట స్థానంలో కూర్చోకూడదు. ఆ హద్దు దాటితే ఎంత మంచి యంత్రమైనా ఏం సాధిస్తుందో చెప్పలేం. అమెరికాలో టైప్-1 రోగుల వివరాలు నమోదుచేసే ఒక పెద్ద రిజిస్ట్రీలో 2010–12 నాటికి 7 శాతం మందే సెన్సర్ వాడేవాళ్లు, 2016–18కి అది 30 శాతమైంది. సెన్సర్ పెట్టుకున్నవాళ్ల షుగర్ సగటున మెరుగ్గానే ఉంది. అయినా ఆ కాలంలోనే కౌమారంలో ఉన్నవాళ్ల హెచ్‌బీఏ1సీ (గత రెండుమూడు నెలల షుగర్ తీరును చెప్పే పరీక్ష) సగటు 8.5 నుంచి 9.3కు పెరిగింది. దానికి కారణాలు చాలా ఉండవచ్చు. జబ్బును సొంతం చేసుకోవలసిన వయసులో అందరికంటే ఎక్కువ జారిపోతున్నది వాళ్లేనన్నది మాత్రం ఆ అంకెలు దాచడం లేదు. అప్పటిదాకా ఆ జబ్బు అమ్మానాన్నల చేతిలో ఉంది, యంత్రం దాన్ని ఇంకొన్నేళ్లు వాళ్ల చేతిలోనే ఉంచగలదు. ఇరవయ్యో ఏట హాస్టల్‌లోనో, ఇంకో ఊళ్లో ఉద్యోగంలోనో ఆ పిల్ల ఒంటరిగా ఉంటుంది. అప్పటికి తన ఒంటి గురించి తాను మాట్లాడటం అలవాటై ఉండాలి.

కన్నవాళ్లకు తెలుసుకునే హక్కు లేదా, పిల్లలకేం తెలుసని వాళ్లకు వదిలేయడం? ఇది హక్కు ప్రశ్న కంటే ధర్మం ప్రశ్న. భగవద్గీతలో సారథిగా కూర్చున్నవాడికి తెలియనిది లేదు. పద్దెనిమిదో అధ్యాయం చివర, చెప్పవలసిందంతా చెప్పాక, బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చేయమని అర్జునుడికే వదిలాడు. అర్జునుడు పెద్దవాడు, యోధుడు, ఆరేళ్ల పిల్లతో పోలికేమిటంటే, ఒప్పుకుంటాను. ఆరేళ్ల పిల్లకు అలా వదలకూడదు. అయితే ఎన్నేళ్లకు వదలాలన్న ప్రశ్న తప్పదు కదా. మన చట్టం దీనికి సాయం చేయదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి పద్దెనిమిదేళ్లలోపు వాళ్లంతా పిల్లలే, సమ్మతి అమ్మానాన్నలదే. పాలు తాగే బిడ్డా, ఇంటర్ పరీక్షలు రాసే అమ్మాయీ దానికొకటే. మరోవైపు, 1992లో భారతదేశం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ అభిప్రాయానికి వయసునూ పరిణతినీ బట్టి విలువ ఇవ్వాలంటుంది. చట్టం గీయని ఆ మెట్లను ఇంట్లోనే గీసుకోవాలి. చరకుడు పరిచారకుడికి చెప్పిన గుణాల్లో సేవ తెలియడం, నేర్పు, శుభ్రతతోపాటు అనురాగం కూడా ఉంది. మొదటి మూడూ యంత్రం మనకంటే బాగా చూపిస్తుంది. అనురాగమొక్కటే మనుషులకు మిగిలిన వంతు. అమ్మా నాన్నా యంత్రం చేసే పనినే మళ్లీ చేస్తూ పోతే ఆ వంతు ఎవరూ తీసుకోరు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు ఈ నీతులెందుకన్నది చివరి అభ్యంతరం, అన్నిటికంటే బరువైనది. అపాయానికీ లెక్కకూ తేడా పెట్టమనే నేను అంటున్నాను. షుగర్ ప్రమాదపు గీత దాటి పడిపోతే, నిద్రలో ఉన్నా మెలకువగా ఉన్నా, ఏ వయసైనా, అమ్మానాన్నల ఫోన్ మోగాల్సిందే. అక్కడ బిడ్డ సమ్మతి కోసం ఆగడం క్రూరత్వం. మిగతా అంకెలు అలాంటివి కావు. మధ్యాహ్నం 180 ఉంటే ఎవరూ చచ్చిపోరు, దాన్ని సాయంత్రం బిడ్డే చెప్పవచ్చు. 2019 నవంబరు చివర ఒక పెద్ద సెన్సర్ కంపెనీ సర్వర్లు ఆగిపోయి అమ్మానాన్నల ఫోన్లకు కబుర్లు రాలేదు. పిల్లల దగ్గరున్న పరికరాలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. దూరపు కబురు మీద పెట్టుకున్న భరోసా అలా తెగగలదు, బిడ్డ పక్కనున్న మోతా, ఆ మోతకు ఏం చేయాలో తెలిసిన బిడ్డా మిగులుతారు. భద్రత పేరుతోనైనా ముందు పెంచవలసింది ఆ రెండోదాన్నే. యంత్రాలు రేపు ఇంకా ఎక్కువ చేస్తాయి. కొలత చూసి ఇన్సులిన్‌ను తనే సర్దుకునే పంపుకు 2016లో అమెరికా అనుమతి ఇచ్చింది. దానికీ భోజనం చేస్తున్నానని మనిషే చెప్పాలి. రేపు ఆ అవసరమూ తీరిపోతే సంతోషమే, సూదుల శ్రమలో పుణ్యమేమీ లేదు.

మన ఊళ్లలో ఇదంతా ఉన్నవాళ్ల గొడవ అనేవాళ్లకు సగం నిజం చేతిలో ఉంది. రెండు వారాలకు ఒక సెన్సరంటే వేల రూపాయలు, ఇన్సులిన్‌కే వెతుక్కునే ఇళ్లు మనకు తక్కువేం కాదు. కానీ ఆక్లాండ్ పిల్లలకు పనికొచ్చిన మోత మామూలు ఫోన్ అలారంలోనూ ఉంది. ఆ అలారం బిడ్డ చేతిలో ఉండే ఏర్పాటుకు ఖర్చు లేదు, బడి ఒప్పుకోవాలంతే. 2017లో సీబీఎస్‌ఈ షుగరున్న పిల్లలు పరీక్ష హాల్లోకి మాత్రలు, తినుబండారాలు తీసుకెళ్లనిచ్చింది. గోడకు తగిలించిన ‘ఫోన్లు నిషిద్ధం’ అన్న బోర్డుకింద, ఆ పిల్ల సెన్సర్ అంకె చూపించే వస్తువు ఫోనే అయినప్పుడు ఏం చేయాలో ప్రతి హెడ్మాస్టరూ తేల్చుకోవాలి, అదీ పిల్లను అడిగి.

ఇక ఆసుపత్రి గదిలో ఇవాళ్టినుంచే మారగలది ఒకటుంది. ఫోన్ బల్లమీద పెట్టే ముందు డాక్టరు బిడ్డవైపు తిరిగి ఈ మూడు నెలలూ ఎలా గడిచాయని అడగవచ్చు. పన్నెండేళ్లు దాటినవాళ్లతో అమ్మానాన్నలు లేకుండా పది నిమిషాలు మాట్లాడవచ్చు. తర్వాత గీతను బిడ్డ చేతికే ఇచ్చి, నువ్వే చెప్పు, ఇక్కడేమైంది అనవచ్చు. ఇంట్లో ఏ కొలత ఎవరి ఫోన్‌కు వెళ్లాలో ప్రతి పుట్టినరోజు తర్వాత కూర్చుని మళ్లీ తేల్చుకోవచ్చు. పదిహేనేళ్ల కుర్రాడు ఒకరోజు ప్రమాద హెచ్చరిక ఒక్కటి ఉంచి మిగతా కబుర్లన్నీ ఆపేస్తానంటే, ఆ ఇంట్లో ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. అయినా సరేననాలి. నెల తర్వాత మళ్లీ మాట్లాడుకుందామని ముందే అనుకుని, ఆ నెలలో వాడు చెప్పినంతా వినాలి, చెప్పనిది అడగకుండా ఉండాలి.